ఆపరేషన్ తర్వాత గోరువెచ్చని నీళ్ళలో కూర్చోవడం: టబ్బా, కమోడ్ బేసినా, మగ్గుతో పోసుకోవడమా?

బెజవాడ సూర్యారావుపేటలోనో గుంటూరు కొత్తపేటలోనో పైల్స్‌కో (మొలలు) ఫిషర్‌కో (మలద్వారం దగ్గర చీలిక) చిన్న ఆపరేషన్ చేయించుకుని మర్నాటికల్లా ఇంటికొచ్చేస్తారు. డిశ్చార్జి కాగితంలో మందులన్నీ రాశాక అడుగున ఒక మూల 'సిట్జ్ బాత్, రోజుకి మూడుసార్లు' అని ఉంటుంది, అంటే నడుం కింద భాగం మునిగేలా గోరువెచ్చని నీళ్ళలో కూర్చోవడం. అంతే. ఎంత వేడి, ఎంతసేపు, దేంట్లో కూర్చోవాలి అని అడుగుదామంటే అప్పటికి డాక్టర్ గారు ఇంకో కేసులో ఉంటారు, సిస్టర్ని అడిగితే "టబ్బులో వేడినీళ్ళు పోసి బెటాడిన్ వేసుకుని కూర్చోండి" అంటుంది. అది తప్పు కాదు గానీ సగం మాట. మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను. నేను డాక్టర్ని కాదు, ఇంట్లో ఆపరేషన్లయినవాళ్ళ పక్కన ఉండి నీళ్ళు కలిపిన మనిషిని. మీ సర్జన్ చెప్పిందానికీ ఇక్కడ రాసిందానికీ తేడా వస్తే ఆయన మాటే వినండి, మీ గాయాన్ని చూసింది ఆయన.

ముందు గాయం ఎలాంటిదో తెలుసుకోండి

మలద్వారం దగ్గర చేసే ఆపరేషన్లలో, అంటే మొలలు కోసినా, చీముగడ్డ కోసి చీము తీసినా, ఫిస్టులా (లోపల్నుంచి చర్మం దాకా పడే చీము దారి) తెరిచినా, చాలాసార్లు గాయాన్ని కుట్టకుండా అలాగే వదిలేస్తారు. చూడ్డానికి భయంగా ఉంటుంది గానీ కావాలనే అలా చేస్తారు. అడుగు నుంచి కండ పూడుకుంటూ పైకి రావాలి, పైన చర్మం ముందే మూసుకుపోతే లోపల మళ్ళీ చీము పడుతుంది. ఇలాంటి గాయానికి గోరువెచ్చని నీళ్ళలో కూర్చోవడం బాగా పనికొస్తుంది.

వీపు మీద కొవ్వుగడ్డ తీయించుకుని కుట్లు వేయించుకున్నవాళ్ళు, హెర్నియా, సిజేరియన్ అయినవాళ్ళు మాత్రం "వేడినీళ్ళు మంచివంటగా" అని టబ్బులో దిగకండి. పొడి కుట్లు నానితే మెత్తబడి విడిపోతాయి, క్రిములకి దారి దొరుకుతుంది. బ్రిటన్‌లో ఆపరేషన్ గాయాల గురించి నైస్ అనే సంస్థ ఇచ్చిన సూచనల్లో 48 గంటలు దాటాక షవర్ కింద స్నానం చేయొచ్చని ఉంది. నీళ్ళు పైనుంచి జారిపోవడం వేరు, గాయం నీళ్ళలో మునిగి నానడం వేరు. కుట్లు విప్పి, గాయం పూర్తిగా అతుక్కుందని డాక్టర్ చూసి చెప్పేదాకా టబ్బు జోలికి పోవద్దు. తోక ఎముక దగ్గర వచ్చే పైలోనైడల్ సైనస్‌కి కొందరు తెరిచి వదిలేస్తారు, కొందరు కుట్టేస్తారు, కాబట్టి పక్కింటాయన కూర్చున్నాడని మీరూ కూర్చోకుండా మీకు ఏది చేశారో అడగండి.

దీనివల్ల ఏమవుతుంది, ఏమవ్వదు

మలద్వారం చుట్టూ లోపల ఒక కండరం ఉంటుంది, అది మన చెప్పుచేతల్లో ఉండదు. గాయం మీదుగా మలం వెళ్ళగానే అది బిగుసుకుపోతుంది, ఆపరేషన్ తర్వాత విరేచనానికి వెళ్ళొచ్చాక ప్రాణం పోయేంత నొప్పి వస్తుందని అందరూ చెప్పేదాంట్లో పెద్ద వాటా ఈ బిగుతుదే. వెచ్చటి నీళ్ళు తగిలితే ఆ కండరం వదులవుతుంది, నొప్పి దిగుతుంది, అంటుకున్న మురికీ రసీ మెత్తగా వదిలిపోతాయి. అంతవరకు నమ్మొచ్చు. గాయం దీనివల్లే తొందరగా మానిపోతుందనడానికి మాత్రం గట్టి రుజువులు లేవు. అందుకే ఒకపూట కుదరకపోతే టెన్షన్ పడక్కర్లేదు, అలాగని తొందరగా మానాలని రోజుకి ఎనిమిదిసార్లు కూర్చోనూ అక్కర్లేదు.

వేడి ఎంత

37 నుంచి 40 డిగ్రీలు. అంటే ఒంటి వేడి కన్నా కాస్త ఎక్కువ, అంతకు మించి వద్దు. మన ఇళ్ళల్లో ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే, స్నానానికి పొగలు కక్కే వేణ్ణీళ్ళు అలవాటైనవాళ్ళకి ఈ వేడి చప్పగా ఉంటుంది, "ఇంత చల్లగా ఉంటే ఏం పనిచేస్తుంది, ఇంకో చెంబు పొయ్యి" అంటారు. పోయకండి. గాయం దగ్గర చర్మం ఇప్పటికే వాచి పల్చబడి ఉంటుంది, మామూలు చర్మం తట్టుకునే వేడి కూడా అక్కడ బొబ్బలెక్కిస్తుంది.

లెక్క సులువే. మామూలు కుళాయి నీళ్ళు 28 డిగ్రీల దగ్గర ఉంటాయనుకుంటే, మరిగిన నీళ్ళు ఒక చెంబుకి మామూలు నీళ్ళు ఐదు చెంబులు కలిపితే 40 దగ్గరకి వస్తుంది. గీజరు నీళ్ళు 60 డిగ్రీల్లో ఉంటే వేడివి మూడు చెంబులు, చల్లవి ఐదు. ఎప్పుడైనా చల్లనీళ్ళే ముందు పోయాలి, తర్వాత వేడివి, ఆ తర్వాత అడుగునుంచి చేత్తో బాగా కలపాలి, లేకపోతే పైన వేడిగా, కింద చల్లగా ఉండిపోతుంది.

ఇక ఎండాకాలం లెక్క వేరు. మే నెల మధ్యాహ్నం బెజవాడలో డాబా మీది సింటెక్స్ ట్యాంకు నీళ్ళు కుళాయిలోంచి వస్తుంటే చెయ్యి కాలుతుంది, అప్పుడు గీజరెందుకు, చల్లబరుచుకోవాల్సి వస్తుంది. రాత్రే ఒక బకెట్ నీళ్ళు పట్టి నీడలో పెట్టుకుంటే పొద్దున కలుపుకోవడానికి పనికొస్తాయి. వానాకాలంలో కుళాయి నీళ్ళు ఎర్రగా బురదగా వస్తే తేరబెట్టి, వడకట్టి, మరగబెట్టి, చల్లారాక వాడండి. బోరు నీళ్ళు ఉప్పగా ఉన్నా ఫర్వాలేదు, మురికిగా ఉండకపోతే చాలు.

వేడి చూడాల్సింది అరచేత్తో కాదు, మోచేత్తో. అరచెయ్యి మొద్దుబారి ఉంటుంది, అంట్లు తోమే చెయ్యయితే మరీ. షుగర్ ఎక్కువ కాలంగా ఉండి కాళ్ళు తిమ్మిరెక్కేవాళ్ళు తమ మోచేతిని కూడా నమ్మొద్దు, ఇంకొకరి చేత చూపించుకోవాలి. వెన్నులో మత్తు ఇచ్చి చేస్తే కింద పూర్తిగా స్పర్శ వచ్చేదాకా అసలు కూర్చోకూడదు. కాలినా తెలియదు.

దేంట్లో కూర్చోవాలి

*నేల మీద ప్లాస్టిక్ టబ్బు.* ఏ ప్లాస్టిక్ సామాన్ల కొట్లో అయినా దొరుకుతుంది. కూర్చుంటే పిరుదులు హాయిగా పట్టేంత వెడల్పు ఉండాలి, అంచు మడత గుండ్రంగా ఉండాలి, నీళ్ళు నాలుగైదు అంగుళాల లోతు చాలు. దీంట్లో నీళ్ళు ఎక్కువ పడతాయి కాబట్టి తొందరగా చల్లారవు, గాయం పూర్తిగా మునుగుతుంది. చిక్కల్లా దిగడం, లేవడం. మా బాబాయికి మొలల ఆపరేషనయ్యాక మొదటి రోజు టబ్బు నేల మీద పెడితే అంత కిందకి వంగలేక "ఒరేయ్, నన్ను కూర్చోబెడతారా, పడేస్తారా" అని ఒకటే గొడవ. మర్నాడు టబ్బుని ఎత్తు తక్కువ వెడల్పాటి చెక్కపీట మీద, తడికి జారకుండా కింద పాత గోనెపట్టా వేసి పెట్టాం. ఎదురుగా బరువైన ప్లాస్టిక్ కుర్చీ ఒకటి. ఆయన కుర్చీ చేతులు పట్టుకుని, రెండు కాళ్ళూ టబ్బుకి అటూ ఇటూ వేసి, మెల్లగా దిగేవాడు. నీళ్ళు తగలగానే మొదటి రెండు నిమిషాలు చుర్రుమంటుంది, మొహం చిట్లించుకుని కూర్చుంటారు, తర్వాత భుజాలు కిందకి జారతాయి, అప్పుడు మనకే తెలిసిపోతుంది నొప్పి దిగుతోందని. పీట కదలకుండా వెనక ఒకరు పట్టుకుని నిలబడాలి. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకి, ఒక్కరే ఉండేవాళ్ళకి నేను ఈ పద్ధతి చెప్పను.

*కమోడ్ మీద పెట్టే బేసిన్.* సర్జికల్ షాపుల్లో 'సిట్జ్ బాత్ టబ్' అని అడిగితే ఇస్తారు. వెస్టర్న్ కమోడ్ సీటు ఎత్తేసి గిన్నె అంచు మీద పెట్టాలి, నీళ్ళు నిండితే పొర్లి కమోడ్‌లోకే పోయేలా వెనక రంధ్రాలు ఉంటాయి. కూర్చోవడం, లేవడం మామూలుగానే, మోకాలి మీద భారం ఉండదు, పనయ్యాక అలాగే ఒంపేయొచ్చు. ఇంట్లో వెస్టర్న్ కమోడ్ ఉంటే నా ఓటు దీనికే. లోపం ఏంటంటే పట్టేదే తక్కువ నీళ్ళు, అందుకే ఐదారు నిమిషాలకే చల్లారిపోతాయి. మధ్యలో వేడినీళ్ళు కలపాల్సి వస్తే లేచి నిలబడి కలపండి, కూర్చుని ఉండగా ఒక పక్కనుంచి పోస్తే ఆ పక్క కాలుతుంది. కొన్నిటికి సంచీ, గొట్టం ఉంటాయి, సంచీలో వెచ్చని నీళ్ళు పోసి పైన తగిలిస్తే మెల్లగా దిగుతుంటాయి. ఉంటే మంచిదే, లేకపోతే నష్టం లేదు. కొనేముందు ఇంట్లో కమోడ్ వెడల్పు కొలుచుకెళ్ళండి, సరిగ్గా కూర్చోక ఊగేది ప్రమాదం.

*హెల్త్ ఫాసెట్ లేదా చేతి షవర్.* దీన్ని చాలామంది లెక్కలోకే తీసుకోరు. మొలల ఆపరేషన్ అయినవాళ్ళలో టబ్బునీ వెచ్చని నీళ్ళ స్ప్రేనీ పోల్చి తైవాన్ డాక్టర్లు 2009లో ఒక పరిశోధన ప్రచురించారు, నొప్పిలో పెద్ద తేడా కనిపించలేదు, సౌకర్యంలో స్ప్రేదే పైచేయి. కానీ మన ఇళ్ళల్లో టాయిలెట్ పక్కనున్న ఫాసెట్‌కి చల్లనీళ్ళ లైనే ఉంటుంది, పైగా ఆ పీడనం, అబ్బో, గాయం మీద నేరుగా కొడితే కళ్ళ ముందు చుక్కలే. గీజరు లైనుకి తగిలించిన చేతి షవర్ ఉంటే, ధార పల్చగా పెట్టి, పైనుంచి కిందకి జారేలా పట్టుకోండి. నేరుగా గురిపెట్టొద్దు.

*మగ్గుతో పోసుకోవడం.* ఇండియన్ టాయిలెట్ మాత్రమే ఉన్న ఇళ్ళల్లో, ఆఫీసులో, ప్రయాణంలో ఇదే దిక్కు. కండరం వదులయ్యేంతసేపు వెచ్చదనం తగలదు కాబట్టి నొప్పికి టబ్బంత పనిచేయదు, శుభ్రతకి మాత్రం పూర్తిగా సరిపోతుంది. ఆఫీసుకి ఫ్లాస్కులో వేడినీళ్ళు తీసుకెళ్ళి అక్కడ మగ్గులో కలుపుకుంటే కాగితంతో తుడుచుకునే బాధ తప్పుతుంది.

*తడిగుడ్డ కాపడం.* కూర్చోలేనివాళ్ళకి, మంచం మీద ఉన్నవాళ్ళకి. ఉతికి ఎండబెట్టిన మెత్తటి నూలుగుడ్డ గోరువెచ్చని నీళ్ళలో ముంచి పిండి, పక్కకి తిరిగి పడుకుని పదినిమిషాలు పెట్టాలి, చల్లారగానే మార్చాలి. పొడి కాపడం, ఇటుక కాపడం, వేడినీళ్ళ రబ్బరు సంచి నేరుగా గాయం మీద, ఇవేవీ వద్దు.

ప్రకృతి వైద్యంలో కటిస్నానం తొట్టె అని ఒకటి ఉంటుంది, పొత్తికడుపు దాకా మునిగి, కాళ్ళు బయటపెట్టి కూర్చునేది. మామూలుగా అందులో చల్లనీళ్ళు పోస్తారు, అది వేరే ప్రయోజనానికి. ఇంట్లో ఆ తొట్టె ఉంటే గోరువెచ్చని నీళ్ళతో వాడుకోవచ్చు గానీ దీనికోసం కొనక్కర్లేదు.

నీళ్ళలో ఏం కలపాలి

ఏమీ కలపక్కర్లేదు. ఈ ఒక్క మాట ఇంట్లో పెద్దవాళ్ళని ఒప్పించడానికే ఎక్కువ సమయం పడుతుంది, ఎందుకంటే ఉత్త నీళ్ళకి వైద్యం చేసిన తృప్తి ఉండదు మనకి.

డాక్టర్ బెటాడిన్ రాసిస్తే ఆయన చెప్పిన కొలతలోనే వేయండి, నీళ్ళు చిక్కటి టీ రంగుకి వస్తే ఎక్కువైనట్టే. అయొడిన్ పడనివాళ్ళు, థైరాయిడ్ ఉన్నవాళ్ళు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు ముందే ఆ సంగతి డాక్టర్‌కి చెప్పాలి. పొటాషియం పర్మాంగనేట్ రాసే పాతకాలపు డాక్టర్లు ఇంకా ఉన్నారు. అది వేరే పాత్రలో పూర్తిగా కరిగించి, అందులోంచి కొంచెం టబ్బులో కలపాలి, లేత గులాబీ రంగు దాటకూడదు. ఊదారంగుకి వచ్చిందంటే చర్మం కాలుతుంది, కరగని పలుకు ఒక్కటి గాయానికి అంటుకున్నా అంతే. డెట్టాల్ వద్దే వద్దు. ఉప్పు వేయాలనిపిస్తే లీటరుకి 9 గ్రాములు, ఆస్పత్రిలో ఎక్కించే సెలైన్ ఉప్పదనం అదే, అంతకు మించితే మండుతుంది. పసుపు, వేపాకులు నీళ్ళలో వేసి మరిగిస్తే ఆ నలకలు, ఈనెలు తెరిచిన గాయంలో ఇరుక్కుంటాయి, దాన్ని మళ్ళీ తీయడం పెద్ద పని.

క్షారసూత్రం, అంటే ఫిస్టులాకి కట్టే మందు పూసిన దారం, కట్టించుకున్నవాళ్ళకి ఆయుర్వేద వైద్యులు త్రిఫల కషాయమో, మర్రి, మేడి, రావి, జువ్వి, గంగరావి పట్టలతో చేసే పంచవల్కల కషాయమో కలుపుకోమంటారు. అలాంటప్పుడు నూలుగుడ్డ రెండు మడతలు వేసి వడకట్టండి, అడుగున దిగిన నలకల నీళ్ళు పారబోయండి.

ఎప్పుడు, ఎంతసేపు

సాధారణంగా మర్నాడు మొదటి కట్టు తీశాక మొదలుపెట్టమంటారు. లోపల గాజ్ గుడ్డ కూరి ఉంటే డాక్టర్ తీయమన్నాకే. విరేచనానికి వెళ్ళొచ్చిన ప్రతిసారీ వెంటనే ఒకసారి, అదీ కాక రాత్రి పడుకునే ముందు ఒకసారి, మొత్తం మీద మూడు నాలుగుసార్లు. ఒక్కోసారి పది నుంచి పదిహేను నిమిషాలు, ఇరవై దాటొద్దు. ఫోన్ చేతికిస్తే ముప్పావుగంట కూర్చుంటారు, అంతసేపు కూర్చుంటే చర్మం తెల్లగా నానిపోతుంది, కిందకి రక్తం దిగి వాపు పెరుగుతుంది.

బాత్రూం తలుపు గడియ పెట్టొద్దు. వెచ్చదనానికి రక్తనాళాలు వెడల్పయి బీపీ దిగుతుంది, దానికి నొప్పి మాత్రల మగత తోడైతే లేవగానే కళ్ళు తిరుగుతాయి. కాళ్ళు కాసేపు ఆడించి, పట్టుకుని, మెల్లగా లేవండి. నీళ్ళు కాచే కరెంటు రాడ్డు ప్లగ్గు పీకి, బకెట్‌లోంచి తీసి పక్కన పెట్టాకే ఎవరైనా ఆ నీళ్ళలో చెయ్యి పెట్టాలి, టబ్బులో ఉండగానే వేడిచేసేవాళ్ళని చూశాను కాబట్టి చెబుతున్నాను.

ఇంకోటి, ఆపరేషన్ రోజు మూత్రం రాక చాలామంది ఇబ్బంది పడతారు. కూర్చోవడానికి డాక్టర్ అనుమతి ఉంటే వెచ్చని నీళ్ళలో కూర్చున్నప్పుడు అది సులువుగా వస్తుంది, ఆ నీళ్ళలోనే పోసేసినా సిగ్గుపడక్కర్లేదు, తర్వాత మంచినీళ్ళతో కడుక్కుంటే సరి.

బాలింతల సంగతి

మామూలు కాన్పులో కింద కుట్లు పడ్డవాళ్ళకీ గోరువెచ్చని నీళ్ళు హాయినిస్తాయి, అవి వాటంతటవే కరిగిపోయే కుట్లు, పదినిమిషాలు కూర్చుంటే డాక్టర్లు సాధారణంగా కాదనరు. మొదటి రోజు మాత్రం వాపుకి గుడ్డలో చుట్టిన ఐసే మేలు. మా వదినకి గుంటూరులో కాన్పయి ఇంటికొచ్చాక ఊళ్ళోంచి వచ్చిన పెద్దావిడ సలసల కాగే నీళ్ళు నడుం మీద పోస్తేనే ఒళ్ళు గట్టిపడుతుందని పట్టుబట్టింది. "అత్తయ్యా, నడుం మీద మీ ఇష్టం, కుట్ల దగ్గర మాత్రం గోరువెచ్చనే" అని మధ్యేమార్గం కుదిర్చాం. సిజేరియన్ అయినవాళ్ళకి ఈ టబ్బు స్నానం లేదు.

లేచాక చేసే పని

కూర్చోవడం కన్నా ఇదే ముఖ్యమని నేనంటాను. తడిగా ఉంచి బట్ట వేసేస్తే పుండు చుట్టూ చర్మం ఒరిసి, ఫంగస్ పట్టి, దురద మొదలవుతుంది, మన ఉక్కకి అదేం పెద్ద కష్టం కాదు. ఉతికి ఉతికి మెత్తబడ్డ పాత నూలు లుంగీ ముక్కలు చేసి, ఎండలో ఆరేసినవి పెట్టుకుని, తుడవకుండా అద్దాలి. తర్వాత ఫ్యాను కింద పక్కకి తిరిగి ఐదు నిమిషాలు పడుకోండి. పౌడర్ చల్లొద్దు. రాసిచ్చిన ఆయింట్‌మెంటు ఉంటే అప్పుడు రాసి, మడత గాజ్ ఒకటి పెట్టుకోండి.

టబ్బు ఒక్కరికే. బట్టలు నానబెట్టేదీ, పిల్లలకి స్నానం చేయించేదీ తేవద్దు. వాడిన ప్రతిసారీ సబ్బుతో తోమి, కడిగి, బోర్లించి ఎండలో పెట్టండి.

తిండి గురించి ఒక్క ముక్క. మలం గట్టిగా వస్తే ఏ టబ్బూ కాపాడలేదు. నీళ్ళు, మజ్జిగ, ఆకుకూర, రాత్రికి ఇసబ్‌గోల్. గుంటూరులో ఉంటూ కారం మానమని చెప్పడం ఎంత కష్టమో తెలుసు, కానీ పచ్చడి ముద్ద నోటి దగ్గర ఎంత మండుతుందో, మర్నాడు పొద్దున బయటికి వెళ్ళేటప్పుడు గాయం దగ్గరా అంత మండుతుంది. కొన్నాళ్ళు ఆవకాయ జాడీ అటక మీద పెట్టించండి.

డాక్టర్ దగ్గరికి ఎప్పుడు పరిగెత్తాలి

మలంతో పాటు కొన్ని చుక్కలు రక్తం, గుడ్డకి కాస్త పసుపు రసి మామూలే. గాజ్ మీద గాజ్ తడిసిపోయేలా రక్తం వచ్చినా, గడ్డలుగా పడినా ఆగొద్దు. మొలల ఆపరేషనయ్యాక వారం, పదిరోజులప్పుడు, అంతా బాగైపోయిందనుకున్న సమయంలో ఒక్కసారిగా ఎక్కువ రక్తం పోవడం కొందరిలో జరుగుతుంది, వెచ్చని నీళ్ళలో కూర్చుంటే అది ఆగదు, ఇంకా పెరగొచ్చు. ఆ సమయంలో గాజ్ మడిచి ఒత్తిపట్టి ఆస్పత్రికి వెళ్ళండి, తల తిరుగుతుంటే 108కి ఫోన్ చేయండి. జ్వరం 100.4 ఫారెన్‌హీట్ దాటినా, దుర్వాసనతో చీము వచ్చినా, రోజురోజుకీ తగ్గాల్సిన నొప్పి పెరుగుతున్నా, మూత్రం బిగిసిపోయినా అదే రోజు చూపించుకోవాలి.

మొలలు, ఫిషర్ అయితే రెండు మూడు వారాల్లో చాలామందికి ఈ అవసరం దానంతటదే తగ్గిపోతుంది. తెరిచిన ఫిస్టులా, పెద్ద చీముగడ్డ అయితే నెలన్నర, రెండు నెలలు కూడా పట్టొచ్చు. నొప్పి లేకపోతే కూర్చోవడం మానేయొచ్చు, కానీ గాయం పూడేదాకా విరేచనం తర్వాత మగ్గుతో గోరువెచ్చని నీళ్ళు పోసి కడుక్కోవడం, అద్ది ఆరబెట్టుకోవడం మానొద్దు.